తలకిందులైతే నేల వైపు లాగే ఎక్స్‌ట్రా

ప్రశ్న: నమస్తే సర్. మాది ఖమ్మం. నాలుగేళ్లుగా ఆర్‌సీ (రేడియోతో నడిపే) విమానాలు ఎగరేస్తున్నాను. ఇన్నాళ్లూ ఫోమ్ ట్రైనర్లే. మొదటిసారి బాల్సా చెక్కతో ఎక్స్‌ట్రా 300 అనే విన్యాసాల విమానం మోడల్ కట్టాను. రెక్కల పొడవు 122 సెం.మీ., 4 సెల్ 2200 బ్యాటరీ, అన్నీ కలిపి బరువు 1300 గ్రాములు. సీజీ (బరువు కేంద్రం, విమానం తూగి నిలిచే చోటు) రెక్క మొదట్లో ముందు అంచు నుంచి 85–100 మి.మీ. మధ్య ఉండాలని మాన్యువల్‌లో ఉంది. భయమేసి ముక్కులో 40 గ్రాముల సీసం అంటించి 78 దగ్గర పెట్టుకున్నాను. మామూలుగా బాగానే ఎగురుతోంది. కానీ తలకిందులు చేస్తే స్టిక్ బాగా ముందుకు నొక్కి పట్టుకోవాలి, లేదంటే నేల వైపు వచ్చేస్తుంది. నిట్టనిలువుగా తీసుకెళితే ఎడమకు పోతుంది. లూప్ (గాలిలో నిలువు గుండ్రం) కొడితే ఎడమకు జారి ఇంకెక్కడో తేలుతుంది. నైఫ్ ఎడ్జ్‌లో (పక్కకు ఒరిగి, రెక్కలు నిలువుగా ఉంచి ఎగిరేటప్పుడు) కానోపీ (కాక్‌పిట్ మూత) వైపు లాక్కుంటుంది. రేడియోలో మిక్సింగులు (ఒక స్టిక్ కదిపితే ఇంకో భాగం కూడా తనంతట కదిలే అమరికలు) పెట్టేస్తే అన్నీ పోతాయని ఫ్రెండ్ అంటున్నాడు. ఏ మిక్స్ ఎంత పెట్టాలి? సీసం ఎపాక్సీతో అంటించాను. తీయాల్సి వస్తే ఎలా?

సమాధానం: మిక్సింగ్ మాట కాసేపు పక్కన పెడదాం. మీ ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ట్రిమ్, అంటే స్టిక్ వదిలేసినా అది నిలిచే చోటు, ఎటు ఉందో మీరు రాయలేదు, కానీ నేను చెప్పగలను. పైకి ఉంటుంది. ఒకసారి తోక దగ్గర కూర్చుని చూడండి, ఎలివేటర్ వెనక అంచు స్టెబిలైజర్ (తోకలోని కదలని అడ్డ రెక్క) కంటే కాస్త పైకి లేచి ఉంటుంది. మీ నాలుగు ఫిర్యాదుల్లో రెండు అక్కడి నుంచే వస్తున్నాయి.

ఎడ్లబండికి బస్తాలు ఎత్తినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. బరువు ముందుకు పడితే ఎద్దుల మెడ నలుగుతుంది, వెనక్కి పడితే కాడి పైకి లేస్తుంది. విమానంలో ఆ ఎద్దు పని ఎలివేటర్‌ది. ముక్కు బరువైంది కాబట్టి తోకను కిందికి నొక్కి ఉంచడానికి ఎలివేటర్ ఎప్పుడూ కాస్త పైకి ఉండాలి. మామూలుగా ఎగిరేటప్పుడు అది మీకు తెలియదు, ట్రిమ్ చూసుకుంటుంది. తలకిందులు చేశారనుకోండి, అదే ట్రిమ్ ఇప్పుడు ముక్కును నేల వైపు తిప్పుతుంది. దానికి తోడు ముక్కు బరువు ఉండనే ఉంది. ఒకప్పుడు సాయం చేసిన ట్రిమ్‌ను చెరిపేయడానికి కొంత, ముక్కును పైకి ఎత్తి పట్టడానికి ఇంకొంత, రెండూ కలిసి మీ బొటనవేలి మీద పడుతున్నాయి. నైఫ్ ఎడ్జ్‌లో కూడా ఆ పైకి ఉన్న ఎలివేటరే విమానాన్ని కానోపీ వైపు లాగుతోంది.

ఎక్స్‌ట్రా 300 అసలు విమానాన్ని జర్మన్ ఏరోబాటిక్ పైలట్ వాల్టర్ ఎక్స్‌ట్రా రూపొందించాడు, 1988లో మొదట ఎగిరింది. దాని రెక్క కోత పైన, కింద ఒకేలా ఉంటుంది. మీ మోడల్ రెక్క కూడా అంతే. అంటే దానికి తల ఏదో, కాళ్లు ఏవో పెద్దగా పట్టింపు ఉండకూడదు. తలకిందులుగా పట్టడానికి కాస్త నొక్కడం మామూలే. "బాగా నొక్కి పట్టాలి" అని మీరు రాశారంటే సీజీ తప్పు చోట ఉంది.

మీ భయం నాకు తెలుసు. ముక్కు బరువైతే సరిగా ఎగరదు, తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుంది అని మైదానంలో ప్రతి సీనియరూ చెబుతాడు. అందులో అబద్ధం లేదు. కానీ అది ఫోమ్ ట్రైనర్ మొదటి ఫ్లైట్‌కు చెప్పే మాట. మాన్యువల్ 85 అని మొదలుపెట్టిందంటే, భయస్తుల కోసం వేసిన గీత అదే. మీరు దానికీ 7 మి.మీ. ముందుకు వెళ్లారు.

సీసం తీస్తే ఎంత మారుతుందో లెక్క వేద్దాం. సీసం సీజీకి 28 సెం.మీ. ముందు ఉందనుకుందాం. 40ని 280తో గుణించి, మిగిలిన బరువు 1260తో భాగిస్తే దాదాపు 9. అంటే 78 నుంచి 87కి వస్తారు. మాన్యువల్ గీతల లోపలే, ముందు వైపు. మీరనుకున్నంత ప్రమాదం ఏమీ లేదు. అక్కడి నుంచి ముందుకు గానీ వెనక్కి గానీ జరపడానికి మీ దగ్గర బ్యాటరీ ఉంది. 4 సెల్ 2200 బ్యాటరీ బరువు 230 గ్రాముల దాకా ఉంటుంది, ఒక సెంటీమీటరు జరిపితే సీజీ సుమారు 2 మి.మీ. జరుగుతుంది. ఇక సీసం అవసరమేముంది?

కొలిచేటప్పుడు బ్యాటరీ, ప్రొపెల్లర్, స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్య టోపీ), కానోపీ అన్నీ ఉండాలి. కానోపీ బయటపెట్టి కొలిచి, ఎగరేసేటప్పుడు పెట్టి "సరిగ్గా కొలిచానే" అని తల గోక్కున్నవాళ్లను చూశాను. రెక్క కింద రెండు వైపులా టేపు ముక్క అంటించి, దాని మీద 87 గీత గీయండి. వేళ్ల మీద నిలబెడితే వేలి కొన వెడల్పే 10 మి.మీ. ఉంటుంది, ఇక కొలత ఏం నిలుస్తుంది? చెక్క ముక్కకు రెండు పెన్సిళ్లు నిలబెట్టి, రబ్బరు కొనల మీద గీతలు ఆనించండి. విమానం అడ్డంగా నిలిస్తే చాలు.

అసలు పరీక్ష గాలిలోనే. తెల్లవారి గాలి లేని వేళ చూసుకోండి, ఆరు నుంచి ఎనిమిది మధ్య. మీ రిసీవర్‌లో గైరో (విమానం వంగితే తనే సరిదిద్దే పరికరం) ఉంటే ఆపేయండి. ఇది మర్చిపోకండి, గైరో ఆన్‌లో ఉంటే అది తప్పులన్నిటినీ కడుపులో దాచుకుంటుంది, మీకు ఏదీ కనిపించదు. ఒక తప్పు చేసినా సరిదిద్దుకునే ఎత్తుకు వెళ్లండి, 60–70 మీటర్లు సరిపోతుంది. (డ్రోన్ నిబంధనల్లో ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో కూడా, అనుమతి లేకుండా 120 మీటర్లు దాటకూడదు. మీరు ఎగరేసే పొలం ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకున్నారనే అనుకుంటున్నాను.) థ్రాటిల్ ముప్పావు వంతు పెట్టి, మామూలుగా ఎగిరేటప్పుడు వదిలేస్తే తిన్నగా పోయేలా ట్రిమ్ చేయండి. తర్వాత 45 డిగ్రీల ఏటవాలుగా పైకి తీసుకెళ్లి, సగం రోల్ చేసి తలకిందులు చేయండి. ఎలివేటర్ స్టిక్ వదిలేయండి. మనసులో లెక్కపెట్టండి.

ఒకటి, రెండు అనేలోపే ముక్కు నేల వైపు వంగిపోతే ఇంకా ముందు బరువుంది. మూడు, నాలుగు దాకా గీత గీసినట్టు పోయి, ఆ తర్వాత నెమ్మదిగా వాలితే మీకు కావలసింది అదే. అలా కాక వంగడం మానేసి ఇంకా పైకి, చక్రాల వైపు వంపు తిరిగితే వెనక బరువు ఎక్కువైంది. బ్యాటరీ సెంటీమీటరు ముందుకు తోయండి. 87 దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఫ్లైట్‌కు 2 మి.మీ. చొప్పున వెనక్కి వెళుతూ ఇదే పరీక్ష చేయండి. నా అంచనా 91–94 మధ్య ఎక్కడో ఆగుతారు. 100 దాటొద్దు. దిగేటప్పుడు ఎలివేటర్ ముట్టుకుంటేనే విమానం గంతులేస్తుంటే, వెనక్కి మరీ వెళ్లారని పరీక్ష లేకుండానే తెలిసిపోతుంది.

సీజీ జరిపిన ప్రతిసారీ ఎలివేటర్ ట్రిమ్ మారుతుంది. సీజీ ఖాయమయ్యాక నేల మీదికి తెచ్చి, ఎలివేటర్ ఎక్కడ ఆగిందో స్కేలుతో కొలిచి, రేడియోలో ట్రిమ్ సున్నా చేసి, పుష్‌రాడ్ (సర్వో మోటారును ఎలివేటర్‌కు కలిపే కడ్డీ) చివరి క్లెవిస్ కొక్కెం తిప్పుతూ ఎలివేటర్‌ను మళ్లీ అదే చోటికి తీసుకురండి. 2 మి.మీ. రాడ్‌కు ఒక పూర్తి చుట్టు అంటే 0.4 మి.మీ. సర్వో చేయి పుష్‌రాడ్‌కు 90 డిగ్రీల్లో ఉండాలి. రేడియోలోని సబ్ ట్రిమ్‌తో (సర్వో మధ్య స్థానాన్ని జరిపే అమరిక) సరిచేయొచ్చు కదా అంటారు. సర్వో పళ్లకు సరిపోక చేయి కాస్త వంకరగా కూర్చుంటే కొద్దిగా వాడుకోండి, అంతవరకే. ఎక్కువ పెడితే ఎలివేటర్ పైకి ఒకలా, కిందికి ఒకలా కదులుతుంది. తర్వాత లూప్‌లో ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతూ కూర్చుంటారు.

ఇప్పుడు లూప్ సంగతి. ఎడమకు జారడానికి రెండు కారణాలుండొచ్చు, ఎడమ రెక్క బరువు లేదా రెక్కలో మెలిక. గాలిపటం ఎగరేసిన చిన్నప్పటి రోజులు గుర్తు చేసుకోండి. పటం ఎప్పుడూ ఒకే వైపు వాలుతుంటే రెండో కొనకు గుడ్డపీలికో దారప్పోగో కట్టేవాళ్లం. ఇక్కడా చివరికి చేసేది అదే, కానీ ముందు జబ్బేదో తేల్చుకోవాలి.

విమానాన్ని అడ్డంగా ఎగరేస్తూ ఏలరాన్ (రెక్కను వాల్చే పలక) స్టిక్ వదిలి ఏ రెక్క వాలుతుందో చూడండి. తలకిందులు చేసి మళ్లీ చూడండి. మామూలుగా ఉన్నప్పుడూ ఎడమ రెక్కే, తలకిందులైనప్పుడూ అదే ఎడమ రెక్క నేల వైపు పోతుంటే అది బరువు. బరువు ఎప్పుడూ నేలనే వెతుక్కుంటుంది. మెలిక అలా కాదు, విమానంతో పాటు తిరుగుతుంది. మామూలుగా ఎడమ రెక్క కిందికి పోయి, తలకిందులు చేస్తే అదే రెక్క పైకి లేస్తే అది మెలిక గానీ, ఏలరాన్ ఒకటి తిన్నగా లేకపోవడం గానీ. దానికి బరువు కడితే రెండు జబ్బులవుతాయి.

ఆ తప్పు నేను చేశాను. మే నెలలో ఒక విమానం రెక్కలు మధ్యాహ్నమంతా కారు వెనక సీట్లో ఉండిపోయాయి. సాయంత్రం చూస్తే పైన వేసిన ఫిల్మ్ ముడతలు. ఇస్త్రీ చేశాను, ముడతలు పోయాయి, సంతోషించాను. మర్నాటి నుంచి లూప్ ఎడమకు జారడం మొదలైంది. ఎడమ బరువైంది కాబోలనుకుని మూడు రోజులు కుడి రెక్క చివర రూపాయి బిళ్ళలు అంటిస్తూ పోయాను. ఒకటి, రెండు, మూడు. లూప్ కాస్త తిన్నగా వచ్చింది గానీ తలకిందులు చేస్తే ఇప్పుడు కుడికి పడేది. నాలుగో రోజు రెక్కను బల్ల మీద బోర్లించి కొన వైపు నుంచి చూస్తే వెనక అంచు పైకి మెలితిరిగి ఉంది. ఇస్త్రీ చేసేటప్పుడు నేనే ఒక వైపు ఎక్కువ లాగాను. బిళ్ళలు తీసేసి, రెక్కను చేత్తో వ్యతిరేకంగా మెలిపెట్టి పట్టుకుని మా అబ్బాయి చేత హీట్ గన్ పట్టించాను. పది నిమిషాల పని. ఖమ్మం ఎండలు మీకు తెలియనివి కావు, విమానాన్ని కార్లో వదలకండి.

మీది నిజంగా బరువే అయితే మొదట బ్యాటరీ చూడండి. అది ట్రేలో మధ్యలో ఉందా, స్ట్రాప్ బిగించేటప్పుడు ఒక పక్కకు జరుగుతోందా? 230 గ్రాముల బ్యాటరీ సెంటీమీటరు పక్కకు జరగడం, మీ రెక్క చివర 4 గ్రాములు పెట్టడం రెండూ ఒకటే. ముందు బ్యాటరీ మధ్యకు తెచ్చి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ఒక దారం, తోక చక్రం దగ్గర ఒక దారం వేసి విమానాన్ని వేలాడదీయండి. అప్పటికీ ఎడమ వాలితే కుడి రెక్క చివర టేపుతో రూపాయి బిళ్ళ అంటించి ఎగరేసి చూడండి. 2011 తర్వాతి పాతదైతే నాలుగు గ్రాములకు కాస్త తక్కువ, 2019 నుంచి వచ్చిన కొత్తదైతే మూడు గ్రాములు. ఎంత కావాలో తేలాక అంత బరువున్న చిన్న మేకును రెక్క చివర చెక్కలోకి దించి, మీద ఫిల్మ్ వేసేయండి.

రెక్క బరువు సరిచేశాకే నిట్టనిలువు పరీక్షకు వెళ్లండి. లాగేటప్పుడు ఎడమ రెక్క కాస్త వాలినా, నిలువుగా వెళ్లేటప్పుడు అది ఎడమకు పోయినట్టే కనిపిస్తుంది. మీరు మోటార్‌ను తిప్పుతారు, తప్పు అక్కడ ఉండదు.

నిజంగా ఎడమకు పోవడానికి కారణం ప్రొపెల్లర్. అది విసిరే గాలి విమానం చుట్టూ మరమేకులా తిరుగుతూ వెళ్లి నిలువు తోకను ఎడమ వైపు నుంచి తాకుతుంది, ముక్కు ఎడమకు తిరుగుతుంది. అందుకే మోటార్‌ను కొద్దిగా కుడికి చూసేలా బిగిస్తారు, ఈ సైజు విమానాల్లో రెండు మూడు డిగ్రీలు మామూలు. కిట్‌లో ఫైర్‌వాల్ (మోటార్ బిగించే ముందు చెక్క) ఆ కోణంలోనే వస్తుంది గానీ, అతికించేటప్పుడు ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే ఎవరు చూడొచ్చారు?

గాలికి ఎదురుగా, రెక్కలు అడ్డంగా ఉన్నాయని ఖాయం చేసుకుని, ఫుల్ థ్రాటిల్‌లో లాగి రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే నిలువు పలక) వదిలేయండి. మొదటి మూడు నాలుగు సెకన్లు మాత్రమే చూడండి. పైకి పోయి వేగం చచ్చాక ఏ విమానమైనా ఎటో ఒకటు తిరుగుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మూడు నాలుగు సార్లు చేసినా ఎడమకే పోతుంటే, ఫైర్‌వాల్‌కూ మోటార్ మౌంట్‌కూ మధ్య ఎడమ వైపు స్క్రూలకు ఒక్కో వాషర్ వేయండి. ఎడమ అంటే కాక్‌పిట్‌లో కూర్చున్న పైలట్ ఎడమ. ముక్కుకు ఎదురుగా నిలబడి తప్పు వైపు వేసినవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు. రెండు వైపుల స్క్రూల మధ్య దూరం 40 మి.మీ. ఉంటే, 1 మి.మీ. వాషర్ ఒకటిన్నర డిగ్రీ తిప్పుతుంది. మొదట అర మిల్లీమీటర్ వేయండి. వాషర్ వేశాక స్పిన్నర్ కౌల్ (మోటార్ తొడుగు) మధ్యలో ఉండదు, మిల్లీమీటరో ఒకటిన్నరో కుడికి జరుగుతుంది. చూడ్డానికి బాగాలేకపోతే మౌంట్‌ను అంత ఎడమకు జరిపి కొత్త రంధ్రాలు వేసుకోండి. ప్రొపెల్లర్ ఊడదీశాకే ఈ పని మొదలుపెట్టండి. బ్యాటరీ కలిపి ఉన్న మోటార్ దగ్గర వేళ్లు పెట్టకండి.

ఇంతవరకు వచ్చాక మీ స్నేహితుడి మిక్సింగులకు వేళవుతుంది. అవి చెడ్డవని నేననను. మొదటే పెడితే ఏమవుతుందంటే, ముక్కులో సీసం ఉంచి నైఫ్ ఎడ్జ్‌కు ఎలివేటర్ మిక్స్ 15 శాతం పెట్టారనుకుందాం. ఆ వేగంలో, ఆ రడ్డర్‌కు అది పనిచేస్తుంది. థ్రాటిల్ కాస్త తగ్గించారో, గాలి కాస్త పెరిగిందో, మళ్లీ ఎటో పోతుంది. దానికి ఇంకో మిక్స్. చివరికి ఏ స్టిక్ కదిపితే ఏది కదులుతుందో మీకే తెలియదు.

సీజీ సరిచేశాక నైఫ్ ఎడ్జ్ మళ్లీ చూడండి. కుడి వైపు, ఎడమ వైపు రెండూ. కానోపీ వైపు లాగడం చాలావరకు పోయి ఉంటుంది. మిగిలినదానికి రడ్డర్ నుంచి ఎలివేటర్‌కు 2–3 శాతంతో మొదలుపెట్టండి. రడ్డర్ ఇస్తే విమానం రోల్ కూడా అవుతుంటే రడ్డర్ నుంచి ఏలరాన్‌కు, అదీ అంతే. రెండు వైపులకూ వేర్వేరు అంకెలు రావడం మామూలే. థ్రాటిల్ పూర్తిగా తీసి నిలువుగా దించినప్పుడు కానోపీ వైపు కొద్దిగా వంగితే, థ్రాటిల్ అడుగున ఉన్నప్పుడు ఎలివేటర్ ఒక శాతం కిందికి దిగేలా మిక్స్ పెట్టుకోవచ్చు. ఎక్స్‌పో (మధ్యలో స్టిక్‌ను మెత్తబరిచే అమరిక) 30 శాతం చుట్టూ ఉంచి మీ వేళ్లకు తగ్గట్టు మార్చుకోండి, దాని గురించి ఎక్కువ ఆలోచించాల్సింది లేదు.

ఇంత ఓపిక ఎందుకనిపిస్తే, ఎఫ్3ఏ అనే ఆర్‌సీ విన్యాసాల పోటీల్లో ఎలా లెక్కిస్తారో చూడండి. ప్రపంచ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐ నిబంధనల ప్రకారం పది మార్కుల్లో గీత 15 డిగ్రీలు తప్పితే ఒక మార్కు పోతుంది. అక్కడి పైలట్లు కొత్త విమానం తెస్తే విన్యాసాలు మొదలుపెట్టేది ఎంతో ట్రిమ్మింగ్ తర్వాతే. మీకు పోటీలు అక్కర్లేకపోవచ్చు గానీ, చేతులతో సరిచేస్తూ ఎగరేసే విమానానికీ, వదిలేసినా గీత మీద పోయే విమానానికీ తేడా ఒక్కసారి చూస్తే మళ్లీ వెనక్కి వెళ్లబుద్ధి కాదు.

ఒక చిన్న నోట్‌బుక్ కొనుక్కోండి. తేదీ, గాలి, ఏం మార్చారు, ఏం కనిపించింది, నాలుగు మాటలు. ఒక్కసారికి ఒక్క మార్పే. వాషరూ వేసి బ్యాటరీ కూడా జరిపి ఎగరేస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో మాకు ఏరోమోడలింగ్ నేర్పిన సార్ దగ్గర అలాంటి పుస్తకాలు ఒక పెట్టె నిండా ఉండేవి. అప్పట్లో నవ్వుకునేవాళ్లం.

ఇక సీసం. ఉలితో కొట్టకండి, ఫైర్‌వాల్ ఊడుతుంది. బ్యాటరీ బయట పెట్టి, సోల్డరింగ్ ఐరన్ కొనను సీసం మీద ఆనించండి. సీసం వేడిని లోపలికి తీసుకెళ్లి ఎపాక్సీని మెత్తబరుస్తుంది. పది సెకన్లు ఆనించి, తీసి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా కదిపి చూడండి. కదలకపోతే మళ్లీ పది సెకన్లు. ఎక్కువసేపు ఉంచితే సీసమే కరుగుతుంది, దానికి 327 డిగ్రీలు చాలు. కిటికీ తెరిచి చేయండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. ఊడివచ్చిన సీసాన్ని ఒకసారి తూచి చూడండి. ఎపాక్సీతో కలిపి 40 కంటే ఎక్కువే తూగొచ్చు, అలాగైతే పైన వేసిన 87 లెక్క ఒక మిల్లీమీటరు వెనక్కి జరుపుకోవాలి.